పాతకారు, చక్రపరీక్ష

మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములకు బెంగుళూరు అంగడి చేరువ. అచట నొకరు వాడి విడిచిన కారు మనవారి వాకిటికి వచ్చుట వింతగాదు, తప్పును గాదు. మితవ్యయము దేశమునకు మేలే. కాని రంగు జూచి రొక్కమిచ్చి, చక్రమును జూడకుండుట మితవ్యయ మనిపించుకొనదు. వానలో భాకరాపేట ఘాటు దిగువేళ ఇంటిల్లిపాది ప్రాణములును ఆ నాలుగు టైర్లపైననే నిలుచును.

టైరు అబద్ధమాడని సాక్షి. రెండంచులు నరిగిన గాలి చాలలేదు. నడుమ నరిగిన గాలి మించినది. ఒక్క యంచే యరిగిన అలైన్‌మెంటు తప్పినదో, సస్పెన్షను వదులైనదో. అది సరిచేయింపక క్రొత్త టైరు తొడుగుట చిల్లికుండకు నీరు మోయుటయే.

ప్రక్కనున్న నాలుగంకెలు దాని జన్మపత్రిక: 2319 యనఁగా 2019వ యేట 23వ వారము. గాడిలోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన మోటారువాహనముల నిబంధనలు సమ్మతింపవు. కొలతయు, భారశక్తియు కారు తయారించినవారు చెప్పినవే కావలయును. ఒకే యిరుసునకు రెండు తీరుల టైర్లు తగవు.

సరకునకు పరదేశమును జూడ నక్కఱలేదు. 1946లో మదరాసున ఆటబుడగలతో మొదలైన ఎం.ఆర్.ఎఫ్. నేఁడు టైర్లకు పేరొందినది. 2020లో సత్యవేడు సీమలోని చిన్నపండూరున అపోలో కర్మాగార మారంభమైనది. కొఱఁత సరకున లేదు, మన పరీక్షయందున్నది.

1930 నాటి సరకుల విక్రయచట్టము గుణపరీక్షాభారమును సామాన్యముగా కొనువానిపైననే యుంచినది. కావున బయానా యిచ్చుటకు ముందే అలైన్‌మెంటు చీటీ నడుగుఁడు. పదుగురు అడిగినచో ఇచ్చుట అమ్మువారికి మర్యాద యగును; ఎవ్వరు నడుగనిచో మోసమే మర్యాద యగును.