పిన్ను పడితే చాలదు



ఈ రోజుల్లో పల్లెటూరి ఇంట్లో కూడా బ్యాటరీలు నాలుగైదు ఉంటున్నవి. మందు కొట్టే స్ప్రేయరు, టార్చిలైటు, పిల్లల బొమ్మకారు, ఇన్వర్టరు, ఎలక్ట్రిక్ స్కూటరు. చిన్న ఛార్జర్లన్నీ ఒకే మేకుకు వేలాడుతుంటాయి. చేతికందినది తీసి, పిన్ను పట్టింది గదా అని పెట్టేస్తాము. అయితే పిన్ను పట్టడం వేరు, వోల్టులు కుదరడం వేరు.

ఛార్జరు మీద చిన్న అక్షరాలలో రెండు వరుసలుంటాయి. ఇన్‌పుట్ అన్నచోట ఉండేది గోడ కరెంటు. అవుట్‌పుట్ అన్నచోట ఉండేదే బ్యాటరీలోకి వెళ్లేది. ఈ రెండవ అంకెను బ్యాటరీ మీది అంకెతో సరిచూడాలి.

12 వోల్టుల సీసపు బ్యాటరీలో 2 వోల్టుల గదులు ఆరుంటాయి. అది నిండాలంటే కొంచెం ఎక్కువ, సుమారు 14.4 వోల్టుల దాకా కావాలి. గనుక దానితో వచ్చిన ఛార్జరు మీద 14 పైచిలుకు కనబడితే కంగారు పడనక్కరలేదు. అదే ఛార్జరును బొమ్మకారులోని 6 వోల్టుల బ్యాటరీకి పెడితే, మూడే గదులున్న దానిలోకి ఆరు గదులకు సరిపడే వోల్టులు తోసినట్లవుతుంది. అది వేడెక్కి ఉబ్బుతుంది, హైడ్రోజన్ వాయువు విడుస్తుంది. ఆ వాయువుకు ఒక్క నిప్పురవ్వ చాలు. తారుమారుగా 6 వోల్టుల ఛార్జరును స్ప్రేయరుకు పెడితే రాత్రంతా ఉంచినా నిండదు. తెల్లవారి చేలో పని ఆగిపోతుంది.

రకము కూడా చూడాలి. స్ప్రేయర్లలో కొన్నింటికి సీసపు బ్యాటరీ, కొన్నింటికి లిథియం బ్యాటరీ ఉంటుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. మూడు గదుల మామూలు లిథియం బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఆగాలి. సీసపు బ్యాటరీ ఛార్జరు 14 దాటిస్తుంది. లోపలి రక్షణ సర్క్యూటు పనిచేయకపోతే మంట లేవవచ్చు.

ఎలక్ట్రిక్ స్కూటర్లలో 48, 60, 72 వోల్టులవి ఉన్నవి. పొరుగింటివారి ఛార్జరు అడిగి తెచ్చుకొనకండి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోను, విజయవాడలోను ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అవి ఛార్జరు తేడా వలననే జరిగినవని నేను అనుట లేదు. సరియైన ఛార్జరు ఉన్నా పడకగదిలో మాత్రం పెట్టవద్దని చెప్పుటకే ఈ మాట.

ఇక చేయవలసినవి:

ప్రతి బ్యాటరీకి, దాని ఛార్జరుకు ఒకే రంగు పెయింటు చుక్క పెట్టండి. చదువురాని అవ్వ కూడా గుర్తుపడుతుంది.

ఛార్జరు పాడైతే బ్యాటరీని కూడా దుకాణానికి తీసుకొని వెళ్లి, వోల్టులు, రకము, ఆంపియర్లు చూపించి కొనండి. సీలు వేసిన చిన్న బ్యాటరీల మీద మించరాని ఆంపియర్లు తరచుగా అచ్చువేసి ఉంటాయి.

వసారాలో, గాలి తగిలేచోట, గడ్డికి, గోనెసంచులకు దూరంగా పెట్టండి. దగ్గర బీడీ, దీపము వద్దు.

చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, ఉబ్బినా వెంటనే స్విచ్ ఆపండి. ఉబ్బిన బ్యాటరీని మరల వాడవద్దు.

ఈ సాయంత్రమే ఆ మేకు దగ్గరకు పిల్లలను పిలిచి, ఒక్కొక్క ఛార్జరు మీది అంకెను వారిచేత చదివించండి.