లోయను చూసి వచ్చేస్తే కోటను చూసినట్టేనా?

ఆదివారం పొద్దున గండికోట. బెంగళూరు నుంచి కారులో వచ్చిన ఒక కుటుంబం ధాన్యాగారం ముందు ఆగింది. "ఏం కట్టడం ఇది?" అని వాళ్ల పాప అడిగింది. నాన్న ఫోన్‌లో వెతికాడు, సిగ్నల్ లేదు. పక్కనే సోడాలు అమ్ముతున్న కుర్రాణ్ని అడిగారు. "పాతదమ్మా, రాజుల కాలంది" అన్నాడు. ఇంకేం చెప్పాలో వాడికీ తెలీదు. వాళ్లు లోయ అంచుకు పోయి ఫొటోలు తీసుకొని వెళ్లిపోయారు.

ఆ కుర్రాడు డిగ్రీ రెండో సంవత్సరం. "చదువు అయిపోతానే బెంగళూరుకు పోతా సార్, ఈడేముంది?" అన్నాడు. బెంగళూరోళ్లు రాత్రంతా ప్రయాణం చేసి వస్తున్నది ఆ 'ఈడ' చూడ్డానికే!

తప్పు ఆ పిల్లోనిది కాదు. పన్నెండేళ్లు బడిలో, రెండేళ్లు కాలేజీలో చదివినా ఊరి పక్కనున్న కోట గురించి ఎవరూ వాడికి చెప్పలేదు. 'ఇండియా గ్రాండ్ కాన్యన్' అని అమెరికా పేరు తగిలించి మనం కూడా లోయనే అమ్ముకుంటున్నాం. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన గండి ఉంది కాబట్టే గండికోట. పేరులోనే లోయ ఉంది, కోటా ఉంది. రెండోదాన్ని వదిలేశాం.

చెప్పడానికి కథ లేకనా? విజయనగర కాలంలో పెమ్మసాని నాయకుల కోట ఇది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. రెండేళ్లకు టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఇక్కడికొచ్చి ఆయన్ని కలిశాడు. కొండెక్కే దారి ఎంత కష్టమో రాశాడు. మీర్ జుమ్లా కాలివేళ్ల సందున, చేతివేళ్ల సందున ఉత్తరాలు పెట్టుకొని, ఒక్కొక్కటే తీసి జవాబులు చెప్పి రాయించేవాడని కూడా రాశాడు. ఈ ఒక్క ముక్క చెప్పుంటే ఆ పాప కోటను జన్మలో మర్చిపోయేదా? ధాన్యాగారం, దాని పక్కనే జామియా మసీదు, కొంచెం అవతల మాధవరాయ స్వామి గుడి. ఒక్క నడకలో మూడు కాలాలు కనిపిస్తాయి.

కర్నూల్లోనూ ఇదే తంతు. కొండారెడ్డి బురుజు దగ్గర సెల్ఫీ లేని ఫోన్ ఉండదు. అలంపురం పాలకుడు కొండారెడ్డిని అందులో బంధించారని, అందుకే ఆ పేరొచ్చిందని చెబుతారు. బస్సు దిగిన వాళ్లకు ఆ మాటైనా చెప్పే మనిషి అక్కడ ఉండడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఊరు అది.

ఇటలీలో ఏం చేస్తున్నారో చూడండి. అక్కడ కోటలు లెక్కలేనన్ని. 1975లో మొదలైన 'ఫాయ్' అనే సంస్థ పాత కట్టడాలను కాపాడుతోంది. ఉత్తర ఇటలీలోని మజీనో కోట దాని చేతిలోనే ఉంది. ఆ సంస్థ బడిపిల్లలకు తర్ఫీదు ఇచ్చి, ఏటా కొన్ని రోజులు వాళ్ల చేతనే సందర్శకులకు కోటలు, భవనాలు చూపిస్తుంది. నేర్చుకొనే గైడ్లు అని వాళ్లకు పేరు. పదహారేళ్ల పిల్ల తన ఊరి కోట గురించి పరాయి ఊరి పెద్దలకు చెబుతుంది. ఆ పిల్ల ఆ గోడ మీద తన పేరు చెక్కుతుందా?

మనకు అంతకన్నా సులువైన దారుంది. మన డిగ్రీ పిల్లలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎట్లాగూ చేస్తున్నారు. చాలామంది పది ఇళ్లు తిరిగి, ప్రశ్నాపత్రం నింపి, పక్కోడి రిపోర్టు చూసి రాసేస్తున్నారు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కడప కాలేజీలు అందులో ఒక భాగాన్ని గండికోటకు, సిద్ధవటానికి ఎందుకు ఇవ్వకూడదు? ఒక జట్టు చదువుతుంది, ఒక జట్టు ఊరి పెద్దల మాటలు రికార్డు చేస్తుంది, ఒక జట్టు ఆదివారాలు చూపిస్తుంది. కర్నూలు కాలేజీలకు బురుజు ఉంది.

చదవడానికి ఏముందంటారా? రెండు వందల ఏళ్ల కిందట కల్నల్ మెకంజీ ఊరూరి సంగతులు రాయించిన కైఫియత్తులు ఉన్నాయి. కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వాటిని సంపుటాలుగా అచ్చువేసింది. ఆర్టీపీపీ పక్కనున్న కలమళ్లలో క్రీ.శ. 575 నాటిదిగా చెప్పే తెలుగు శాసనం ఉంది. మన భాషలో దొరికిన తొలి శాసనాల్లో అదొకటి. గూగుల్‌లో దొరికే నాలుగు ముక్కల కన్నా ఇవి మేలు.

ఇందులో బతుకుదెరువు ఉందా అనేది న్యాయమైన ప్రశ్న. రేపే లక్షల జీతం వస్తుందని నేను చెప్పను. శని, ఆదివారాలు, సెలవులు తప్ప మిగతా రోజుల్లో జనం పల్చగానే ఉంటారు. కాబట్టి ముందు చదువుతోపాటు చేసే పనిగా మొదలుపెట్టండి. కేంద్ర పర్యాటక శాఖ గైడ్లకు ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు నడుపుతోంది. చరిత్ర మీద నిజంగా మనసు పడితే కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో చరిత్ర, పురావస్తు శాస్త్రం చదవొచ్చు. పీజీ తర్వాత గ్రేటర్ నోయిడాలో పురావస్తు శాఖ వారి రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. అర్హతలు, తేదీలు నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఒక్క మాట. గైడంటే కథలు అల్లేవాడు కాదు. సొరంగంలో నిధి ఉందని చెబితే రీల్‌కు లైకులొస్తాయి, గునపాలు పట్టుకున్నోళ్లూ వస్తారు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. తెలిసింది చెప్పండి, తెలియనిదాన్ని తెలియదనండి. వినేవాళ్లకు మీ మీద నమ్మకం కుదిరేది అక్కడే.

బెంగళూరుకు పోవడం తప్పేం కాదు, పని ఉన్న చోటికి పోవాల్సిందే. కానీ "మీ గండికోట ఎట్లుంటుంది?" అని అక్కడెవరైనా అడిగితే, లోయ ఫొటో చూపించి ఊరుకోకండి. మీర్ జుమ్లా కాలివేళ్ల సందున ఉత్తరాల కథతో మొదలుపెట్టండి.