నాలుగు ఆటలకే తీర్పులా?

అమెరికాలో ఏటా నవంబరు మొదటి వారంలో కళాశాలల బాస్కెట్‌బాల్ ఆటలు మొదలవుతాయి. మొదలైన పది రోజులకే ఊరూరా తీర్పులు వెలువడతాయి. ఈ ఏడు కప్పు మనదేనని కొందరు, ఈ కోచ్‌ను ఇంటికి పంపితే తప్ప జట్టు బాగుపడదని మరికొందరు. ఒక్కొక్క జట్టు ఆడవలసిన ఆటలు ముప్పై వరకు ఉండగా నాలుగు ఆటలు చూసి నాణ్యం తేల్చేయడం అక్కడి అభిమానులకు పరిపాటి. అభిమానం గలవాడు మాట్లాడక ఊరుకుంటాడా అని అనవచ్చు. మాట్లాడడంలో తప్పు లేదు. దేనిని చూసి మాట్లాడుతున్నారు, ఎవరి మీద విరుచుకుపడుతున్నారు అన్నదే ఆలోచించవలసి ఉన్నది.

కెంటకీ రాష్ట్రం సంగతి చూడండి. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు పరిచయమైన బర్లీ పొగాకు అమెరికాలో అన్నిటికంటె ఎక్కువగా పండేది ఆ రాష్ట్రంలోనే. తూర్పున బొగ్గు గనులు, నడుమ గుర్రాల పెంపకం, తక్కినదంతా చిన్న చిన్న ఊళ్ళు. దేశంలోని పెద్ద నగరాలలో జీతాలిచ్చి ఆడించే బాస్కెట్‌బాల్ జట్లున్నట్లు అక్కడ లేవు. కనుక లెక్సింగ్టన్ పట్టణంలోని కెంటకీ విశ్వవిద్యాలయం జట్టే రాష్ట్రానికంతటికీ జట్టు. లూయీవిల్ నగరం వారు ఈ మాట ఒప్పుకోరు, అది వేరే తగవు. ఆ జట్టు 1948 మొదలు 2012 వరకు ఎనిమిదిసార్లు జాతీయ విజేత అయింది. 1976లో కట్టిన దాని ఆటశాల రప్ ఎరీనాలో ఇరవై వేల మంది కూర్చుంటారు. టెలివిజన్ ఇంటింటా లేని రోజుల్లో గని కార్మికులు రేడియో దగ్గర చెవి పెట్టి ఆట వినేవారు. హార్లన్ గనుల ప్రాంతం నుంచే వచ్చిన కవుడ్ లెడ్‌ఫర్డ్ 1953 నుంచి 1992 వరకు వారికి ఆ వ్యాఖ్యానం వినిపించాడు. తాతలనాటి నుంచి ఇంటిల్లిపాదీ పెంచుకున్న అభిమానమది. అటువంటి చోట నవంబరు నెల అంటే తొలకరి వంటిది. మొదటి జల్లు పడగానే పుట్లు లెక్క కడతారు, వారం రోజులు వాన మొహం చాటేస్తే ఈ ఏడు కరవేనంటారు.

2019 నవంబరులో అక్కడ జరిగింది వింటే ఈ తీర్పుల విలువ ఎంతో తెలుస్తుంది. నవంబరు 5న న్యూయార్కులో ఆడిన తొలి ఆటలోనే కెంటకీ జట్టు అప్పటికి దేశంలో మొదటి ర్యాంకులో ఉన్న మిషిగన్ స్టేట్ జట్టును 69–62 పాయింట్లతో ఓడించింది. టైరీస్ మాక్సీ అనే కొత్త కుర్రవాడు కళాశాల తరఫున ఆడిన మొదటి ఆటలోనే 26 పాయింట్లు చేశాడు. ఇక చెప్పేదేమున్నది, తొమ్మిదో కప్పు వచ్చేసినట్లేనన్నారు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ కోసం వారం వారం ఓట్లు వేసే క్రీడా విలేఖరులు కూడా నవంబరు 11న మొదటి ర్యాంకు కెంటకీకే కట్టబెట్టారు.

మరునాటి రాత్రే పక్క రాష్ట్రం నుంచి ఎవాన్స్‌విల్ అనే చిన్న విశ్వవిద్యాలయం జట్టు రప్ ఎరీనాకు వచ్చి 67–64తో గెలిచి పోయింది. దాని కోచ్ వాల్టర్ మెకార్టీ పరాయివాడు కాడు. 1996లో కెంటకీకి కప్పు తెచ్చిన జట్టులో ఆడినవాడే. ఇంకొక విశేషం, వచ్చి ఆడినందుకు ఎవాన్స్‌విల్‌కు కెంటకీ వారే 90 వేల డాలర్లు చెల్లించారు. అప్పటి మారకం ప్రకారం అరవై లక్షల రూపాయలకు పైమాటే. చేతి చమురు వదిలించుకుని ఇంటికి ఓటమిని పిలుచుకున్నట్లయింది.

ఈ సొమ్ము సంగతి కొంచెం వివరించాలి. నవంబరు, డిసెంబరు నెలల్లో ప్రతి పెద్ద కళాశాలా తనకు నచ్చిన జట్లతో ఆటలు కుదుర్చుకుంటుంది. చిన్న కళాశాలలకు డబ్బిచ్చి తన ఊరికి రప్పించుకుంటుంది. పెద్దవారికి సులువైన గెలుపు, టిక్కెట్ల అమ్మకం. చిన్నవారికి ఆ డబ్బే ఏడాది పొడుగునా క్రీడల ఖర్చులకు ఆసరా. దీనిని దోషమనలేము గాని, ఇటువంటి ఆటలలో నలభై పాయింట్ల తేడాతో గెలిచినా జట్టు బలం ఎంతో తెలియదు. ఎదుటివారి బలహీనతే తెలుస్తుంది. జనవరిలో లీగు ఆటలు మొదలైన తర్వాతనే సరిజోడీలు తటస్థపడతాయి. అక్కడ ముందున్నది ముసళ్ళ పండుగ. ఆ పైన మార్చిలో 68 జట్ల జాతీయ పోటీ. అందులో ఒక్కసారి ఓడితే ఇంటి దారి పట్టవలసిందే.

2019 ఆటల ఏడాది చివరకు ఏమయింది? కెంటకీని ఓడించిన ఎవాన్స్‌విల్ తన లీగులో 18 ఆటలాడి పద్దెనిమిదీ ఓడింది. ఆ రాత్రి నగుబాటు పాలైన కెంటకీ తన లీగులో 18 ఆటలకు 15 గెలిచి మొదటి స్థానంలో నిలిచింది. మొత్తం మీద 25 గెలుపులు, 6 ఓటములు. కరోనా కారణంగా 2020 మార్చిలో జాతీయ పోటీ రద్దయింది గాని, లేకుంటే ఆ జట్టు అందులో గట్టి పోటీదారుగానే బరిలో దిగేది. నవంబరు 12 రాత్రి ఈ రెండు జట్ల జాతకాలు రాసినవారు రెండూ తలకిందులుగా రాశారన్నమాట.

అంతకు ముందు 2013లో మరీ విడ్డూరం. ఆ ఏడు పేరుమోసిన కుర్రవాళ్ళు ఒకేసారి కెంటకీలో చేరారు. ఒక్క ఆటా జరగకముందే విలేఖరులు మొదటి ర్యాంకు ఇచ్చారు. అభిమానులు మరో అడుగు ముందుకు వేసి, నలభై ఆటలకు నలభై గెలుస్తామని చొక్కాల మీద అచ్చు వేయించుకున్నారు. నవంబరు 12న చికాగోలో మిషిగన్ స్టేట్ చేతిలో 78–74తో ఓడడంతో ఆ చొక్కాలు రెండో వారానికే పాతబడ్డాయి. తర్వాత అదే నోళ్ళు ఈ పిల్లలకు పొగరెక్కువ, ఒకరికొకరు బంతి అందించుకోరు అని తిట్టిపోశాయి. మార్చి 1న లీగులో దాదాపు అడుగున ఉన్న దక్షిణ కరోలినా చేతిలో కూడా ఓడారు. జాతీయ పోటీలో వారికి దక్కింది ఎనిమిదో తరగతి స్థానం.

ఆ స్థానం నుంచి లేచి, అప్పటికి 35 ఆటలలో ఒక్కటీ ఓడని విచిటా స్టేట్‌ను 78–76తో ఓడించారు. లూయీవిల్‌ను, మిషిగన్‌ను, విస్కాన్సిన్‌ను వరుసగా దాటారు. చివరి రెండు ఆటల్లోనూ ఆఖరి క్షణాలలో దూరం నుంచి బంతి వేసి గెలిపించినవాడు ఆరన్ హారిసన్. పొగరని తిట్లు తిన్న పిల్లలలో అతడొకడు. అంతిమ ఆటలో కెంటకీ తరఫున బరిలోకి దిగిన మొదటి ఐదుగురూ ఆ ఏడు కళాశాలలో చేరినవారే. 2014 ఏప్రిల్ 7న కనెక్టికట్ చేతిలో 60–54తో ఓడారు గాని, తిట్టినవారి నోళ్ళు అప్పటికే మూతపడ్డాయి. కనెక్టికట్ మాత్రం? అంతకు నెల రోజుల ముందు లూయీవిల్ చేతిలో 33 పాయింట్ల తేడాతో చిత్తయిన జట్టే కప్పెత్తుకుపోయింది.

అయితే తొలి ఆటలు చూసి బెంగపడడమే అవివేకమని అనరాదు. 2020లో కరోనా మూలంగా ఆటలు నవంబరు 25న ఆలస్యంగా మొదలయ్యాయి. కెంటకీ మొదటి ఆట గెలిచి, తర్వాత వరుసగా ఆరు ఓడింది. పెద్ద ర్యాంకులున్న జట్టు కుంటుతోంది, జనవరికి సర్దుకుంటుంది అని పెద్దమనుషులు ఊరడించారు. సర్దుకోలేదు. 9 గెలుపులు, 16 ఓటములతో ఏడాది ముగిసింది. ఆనాడు తెలివిగల అభిమాని చూసినది పాయింట్ల పట్టిక కాదు. రిచ్‌మండ్ జట్టుతో సొంత ఊళ్ళో ఆడిన రెండో ఆటలో దూరం నుంచి పదిసార్లు వేసి ఒక్కటీ బుట్టలో పడకపోవడం, పదే పదే బంతిని ఎదుటివారి చేతిలో పెట్టడం చూశాడు. ఒకనాటి పొరపాటు వేరు, ఆట ఆటకూ తిరిగి వచ్చే జబ్బు వేరు. గాయపడినవారు తిరిగి వస్తే నయమయ్యేదేమిటి, ఎవరు వచ్చినా నయం కానిదేమిటి, గోడ నుంచి తిరిగి వచ్చిన బంతిని అందుకునే పొడగరులున్నారా, ఎవరూ అడ్డురాని ఫ్రీ త్రోలు కూడా తప్పిపోతున్నాయా అన్నవి నవంబరులో కూడా కంటికి కనిపించే సంగతులు. గెలిచిన ఆటలో కూడా ఇవి చూడగలవాడే అభిమానులలో పెద్ద.

ఇప్పుడీ పని మునుపటి కంటె కష్టమైంది. ఒక కళాశాల నుంచి మరొక కళాశాలకు ఆటగాళ్ళు మారడానికి ఉన్న ఆంక్షలు 2021లో సడలి, 2024 నాటికి దాదాపు తొలగిపోయాయి. 2024లో కోచ్ జాన్ కాలిపారి ఆర్కన్సాకు వెళ్ళిపోగా కెంటకీ జట్టు ఖాళీ అయింది. కొత్త కోచ్ మార్క్ పోప్ జట్టునంతా మొదటినుంచి పోగు చేసుకున్నాడు. 1996 విజేత జట్టు నాయకులలో ఒకడైన పోప్‌కు అప్పటికి జాతీయ పోటీలో ఒక్క గెలుపూ లేదని అభిమానులు మొదట ముఖం చిట్లించారు. రెండు రోజులు తిరగకుండానే అతడికి స్వాగతం చెప్పడానికి రప్ ఎరీనా కిక్కిరిసింది. ఆ నవంబరు 12న అట్లాంటాలో డ్యూక్‌పై 77–72తో గెలవగానే ఆకాశానికెత్తారు. డిసెంబరు 3న క్లెమ్‌సన్‌లో 70–66తో ఓడగానే దించారు. నాలుగు రోజులకు సియాటిల్‌లో గొంజాగాపై ఒక్క పాయింటుతో గట్టెక్కగానే మళ్ళీ ఎత్తారు. ఒకరి పేరొకరికి సరిగా తెలియని పన్నెండు మందిని కూర్చి ఆరు నెలలైనా గడవలేదు. కొత్త కోడెలను కాడికి కట్టిన రైతు కూడా మొదటి చాలులోనే కర్ర ఎత్తడు. ఆ జట్టు చివరకు జాతీయ పోటీలో పదహారు జట్ల దశ దాకా వెళ్ళి టెనెసీ చేతిలో ఓడింది. చెడ్డ ఏడాది కాదు, గొప్ప ఏడాదీ కాదు. డిసెంబరులో ఎవరూ ఈ నడిమి మాట అనలేదు.

కొందరి వాదన మరొకటి ఉన్నది. ఇదివరకు వీరు ఉచితంగా ఆడే విద్యార్థులు, ఇప్పుడు డబ్బు పుచ్చుకుంటున్నారు, కనుక మాటలు పడక తప్పదంటారు. 2021 జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద ప్రకటనల ద్వారా సంపాదించవచ్చును. 2025 జులై నుంచి కళాశాలలే నేరుగా సొమ్ము ఇవ్వవచ్చును. నిజమే. అయినా వారి వయస్సు పద్దెనిమిదో, ఇరవయ్యో. ఆట బాగాలేదని అనడానికి డబ్బు కట్టిన ప్రేక్షకుడికి హక్కున్నది. ఇంటి వారిని తిట్టడానికి, చచ్చిపొమ్మని రాయడానికి ఎవరికీ హక్కు లేదు.

ఈ తిట్లలో కొంత భాగం అభిమానం వల్ల పుట్టినది కాదు, పందెం వల్ల పుట్టినది. 2018 మేలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో ఆటల మీద పందేలు అనుమతించడం ఆయా రాష్ట్రాల ఇష్టమైంది. 2023 సెప్టెంబరులో కెంటకీ కూడా తలుపు తెరిచింది. జట్టు గెలుపోటముల మీదనే గాక, ఫలానా కుర్రవాడు ఎన్ని పాయింట్లు చేస్తాడన్న దాని మీద కూడా పందెం కాయడం మొదలయింది. జట్టు గెలిచినా ఆ కుర్రవాడు రెండు పాయింట్లు తక్కువ చేస్తే పందెం పోయినవాడి కసి అతడి ఫోనుకే చేరుతుంది. క్రికెట్ పందేల పుణ్యమా అని ఈ జాడ్యం ఎటువంటిదో మన పల్లెలకు వేరే చెప్పనక్కరలేదు.

కళాశాల క్రీడల జాతీయ సంఘం అధ్యక్షుడు చార్లీ బేకర్ విద్యార్థి ఆటగాళ్ళపై విడివిడిగా కాసే పందేలను నిషేధించాలని 2024 మార్చిలో రాష్ట్రాలను కోరారు. ఒహాయో, లూసియానా ఆ ఏడాదే నిషేధించాయి. పందేలకు అనుమతి ఇచ్చిన ప్రతి రాష్ట్రమూ ఈ దారి పట్టవలసి ఉన్నది. పందెం కంపెనీల పన్ను రాబడి తగ్గుతుందన్న సాకు నిలవదు. జట్టు మీద పందేలు ఎటూ సాగుతూనే ఉన్నాయి.

మన జిల్లాల నుంచి అమెరికా చదువులకు వెళ్ళిన పిల్లలు ఇటువంటి విశ్వవిద్యాలయాలలోనే ఉన్నారు. కాలేజీ చొక్కా వేసుకుని ఆటశాలలో కూర్చునే వారిలో వారూ ఉంటారు. బరిలో దిగే ఆటగాడు కూడా వారితోపాటు ఆ కళాశాల ఆవరణలో తిరిగే విద్యార్థే. నవంబరులో ఓడి వచ్చిన మరునాడు పొద్దున అతడు కూడా పుస్తకాలు పట్టుకుని క్లాసుకు వెళ్ళవలసినవాడే.