శిక్షకుని విజయం

అమీర్‌పేట, పంజాగుట్ట వీధులలో శిక్షణ సంస్థలకు కొదవ లేదు. అయితే శిక్షణ అంటే పరీక్షకు సిద్ధం చేయడమేనా? కాదని ఇదే నగరానికి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం చాటుతుంది. ఫుట్‌బాల్ క్రీడాకారుడు, ఉపాధ్యాయుడు అయిన ఆయన 1950లో భారత జట్టుకు శిక్షకులయ్యారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును నాలుగవ స్థానంలో నిలిపారు.

క్యాన్సర్ పీడిస్తున్నా 1962 ఆసియా క్రీడలకు జట్టుతో జకార్తా వెళ్ళారు. తలకు గాయమైన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను ముందువరుసలో ఆడించారు. తుదిపోరులో అతడు గోల్ చేశాడు. దక్షిణ కొరియాపై 2-1 గోల్స్‌తో గెలిచి భారత్ స్వర్ణం సాధించింది. 1963 జూన్‌లో రహీం కన్నుమూశారు.

తన శక్తి సన్నగిల్లుతున్నా శిష్యుని శక్తిని గుర్తించి వెలికితీసినవాడే నిజమైన గురువు. అట్టి గురువును మరవడం ఈ నగరానికి తగదు.