వేపాకు రాయకుండా పాలు మాన్పిద్దాం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... ఎటు పోయినా మూడేండ్ల పిల్ల ఇంకా అమ్మ కొంగు గుంజుతుంటే అందరూ అడిగేది ఒక్కటే: “ఇంకా పాలు ఇడిపియ్యలేదా పిల్లా?” ఉపాయం కూడా వాళ్లే చెప్తారు. వేపాకు నూరి రాయమంటారు. లేదంటే వారం రోజులు అమ్మమ్మ ఇంట్లో వదిలెయ్యమంటారు. నాకు ఈ రెండూ నచ్చవు.

ముందు వయసు సంగతి. ఆరు నెలలదాకా తల్లిపాలే ఇచ్చి, ఆ తర్వాత తిండితో పాటు రెండేళ్లు, ఆ పైన కూడా పాలు ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. కాబట్టి రెండేళ్లు దాటినా ఇచ్చే తల్లిని చూసి నవ్వాల్సిన పనిలేదు. చూడాల్సింది పిల్ల తిండి. తల్లిపాలలో ఐరన్ తక్కువ. పాలతోనే కడుపు నింపుకొని పప్పు, గుడ్డు, ఆకుకూర ముట్టని పిల్లకు రక్తం తగ్గుతుంది. అప్పుడు పాలు తగ్గించాల్సిందే.

మరి వేపాకు ఎందుకొద్దు? నిన్నటిదాకా ఏడిస్తే ఓదార్చిన చోటు ఇయ్యాల చేదైతే పిల్ల ఏమనుకోవాలి? అమ్మమ్మ ఇంటికి పంపితే పాలూ పాయె, అమ్మా పాయె. తల్లికీ బాధే. ఒక్కసారి ఆపేస్తే పాలు గడ్డకట్టి, రొమ్ము వాచి, జ్వరందాకా పోవచ్చు.

నిదానంగా చేయాలి. ముందు పగటిపూట ఒక్కసారి పాలు ఆపండి. ఆ వేళకు తినడానికి ఏదైనా పెట్టండి, ఆడించండి. నాలుగైదు రోజులకు ఇంకోసారి. పడుకునే ముందు తాగే పాలు అన్నిటికంటే చివరన. రొమ్ము బరువనిపిస్తే కొంచెం పిండేస్తే చాలు. పిల్లకు జ్వరమో విరేచనాలో ఉంటే తగ్గేదాకా ఆగండి. అంగన్‌వాడీలో బాలామృతం మూడేళ్లదాకా ఇస్తారు, తెచ్చుకోండి.

ఇక నా అసలు మాట. మన దిక్కు బీడీలు చేసే తల్లులు ఎక్కువ. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన పిల్ల. కూలి వెయ్యి బీడీల లెక్కన. పిల్ల అడిగిన ప్రతిసారీ లేచి, సబ్బుతో చేతులు కడుక్కొని పాలిచ్చి రావాలి. కడుక్కోకుంటే తంబాకు పిల్ల నోట్లోకే పోతుంది. భర్త దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు, లేదా సిరిసిల్ల సాంచల మీద రాత్రి పనికి పోతాడు. ఇక నడిరాత్రి ఏడ్చే పిల్లను ఆమె ఒక్కతే ఎట్లా ఊరుకోబెడుతుంది? అందుకే పాలు మాన్పించుడు ఇల్లంతా కలిసి చేసే పని. “నాకు ఇక చాలు” అని తల్లికి అనిపిస్తే ఆ కారణం కూడా సరిపోతుంది. దానికి ఆమె ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

అత్తమ్మలూ, వదినలూ, ఈసారి “ఇంకా ఇడిపియ్యలేదా?” అని అడిగే బదులు, “ఈ రాత్రి పిల్లను నా పక్కన పండబెట్టు బిడ్డా” అనండి. వేపాకు కంటే అది బాగా పనిచేస్తుంది.