మూడు రోజుల ముసాఫిర్

యూరప్ ప్రయాణం చేసి వచ్చిన వారిని మన బంధుమిత్రులు అడిగే మొదటి ప్రశ్నలలో "ఎక్కడ దిగారు? ఎన్ని నక్షత్రాల హోటలు?" అనేది ఒకటి. చిన్న బసలో దిగామని చెప్పడానికి చాలామంది సంకోచిస్తారు. పై చదువులకై జర్మనీ, ఫ్రాన్సు వంటి దేశాలకు వెళ్లిన మన తెలుగు విద్యార్థులు సెలవులలో రెండు మూడు రోజులు మరొక నగరాన్ని చూచి రావడం నేడు పరిపాటి అయినది. వారికి అందుబాటులో ఉండేది చవుక బసయే. అందులో న్యూనత ఏమాత్రం లేదని, పైగా నగరాన్ని తెలుసుకోవడానికి అదే మేలైన మార్గమని నా అభిప్రాయం. అయితే ఆ చవుకదనానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారనే ప్రశ్నను విస్మరించరాదు.

దక్షిణ స్పెయిన్‌లోని గ్రనాడా నగరాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. అరబ్బీ గ్రంథాలలోని గర్నాతా ఇదే. 1492 జనవరి 2న చివరి సుల్తాను అబూ అబ్దుల్లా దీనిని కాస్టీల్, ఆరగాన్ ప్రభువులకు అప్పగించాడు. అల్‌హమ్రా కోటను చూడడానికి లోకమంతా వస్తుంది. కోటకు దిగువన, నగరం నడిబొడ్డున ఉన్న కొర్రాల్ దెల్ కార్బోన్ అనే కట్టడం వద్ద ఆగేవారు తక్కువ. అది 14వ శతాబ్దపు సరాయి. నడుమ ముంగిలి, అందులో నీటితొట్టి, చుట్టూ మూడంతస్తులలో గదులు. క్రింద సరకులు, పైన వర్తకులు. తరువాతి కాలంలో బొగ్గులు నిలువ చేసినందున దానికి ఆ పేరు వచ్చినది. ఇట్టి బసను అరబ్బీలో ఫుందుఖ్ అంటారు. స్పానిష్ భాషలో సామాన్యమైన పూటకూళ్ల ఇంటిని సూచించే 'ఫోందా' అనే మాట దానినుండి పుట్టినదే. పాలకులు మారినా, మతం మారినా, బాటసారి దిగే చోటికి పాత పేరే నిలిచిపోయినది.

మన ఏనుగుల వీరాస్వామి 1830లో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరి, ఏ మజిలీలో నీరు దొరుకుతుందో, ఎక్కడ దిగడానికి చోటున్నదో శ్రద్ధగా వ్రాసిపెట్టాడు. బాటసారికి కావలసినవి అవే. షరీఅత్ ముసాఫిర్ నమాజును కుదించినది. జకాత్‌లో అతనికొక భాగం కేటాయించినది. అతిథి హక్కు మూడు రోజులని హదీసు చెబుతున్నది. అతని గౌరవం పరుపు మందం మీద ఆధారపడినట్లు మాత్రం ఎక్కడా లేదు.

స్పెయిన్‌లో బస తరగతిని గుమ్మం ప్రక్కన నీలిరంగు పలకమీద అక్షరాలతో తెలుపుతారు. 'హెచ్' అంటే హోటలు, 'హెచ్ ఎస్' అంటే ఓస్తాల్, 'పి' అంటే పెన్సియోన్. ఓస్తాల్ అనగానే వరుసగా మంచాలు వేసిన వసతిగృహమని మనవారు భ్రమపడతారు. అది సాధారణంగా ఒక కుటుంబం నడుపుకొనే చిన్న హోటలు. ఇక నక్షత్రాలు లెక్కించేది లిఫ్టును, గది వైశాల్యాన్ని, ప్రత్యేక స్నానాలగది వంటి సదుపాయాలను. యజమానురాలి మాటతీరును కొలిచే నక్షత్రం ఇంకా పుట్టలేదు.

1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన అల్బైసీన్ అనే పాతపేటలో రెండు రాత్రులు ఒక పెన్సియోన్‌లో ఉన్నాను. ఒక మంచం, ఒక కుర్చీ, గోడకు చేతులు కడుగుకొనే తొట్టి, లోపలి ముంగిలి వైపు కిటికీ. స్నానాలగది నడవ చివర, ఉమ్మడి. వీధివైపు గది దొరకలేదని ఒక ప్రయాణికుడు విచారించాడు గాని, రాత్రి తొమ్మిదికి భోజనానికి కూర్చొని అర్ధరాత్రి దాటినా వీధిలో కబుర్లాడే దేశంలో నిద్ర కావలసినవానికి లోపలి గదియే శరణ్యం. వుజూకు ఆ తొట్టి చాలు. తక్కిన అవసరానికి మన ఇండ్లలోని బధ్నా వంటి చిన్న పాత్రనొకదానిని పెట్టెలో వేసుకొని పోవడం మంచిది. ఈ సలహా యాత్రా గ్రంథాలలో కనబడదు! కొంచెం నడిస్తే సాన్ నికొలాస్ చర్చి ముంగిలి, దాని ప్రక్కనే 2003లో తెరచిన మసీదు, ఎదుటి కొండమీద అల్‌హమ్రా. గదిలో కూర్చోవడానికి ఏ ఆకర్షణా లేనందుననే పగలంతా వీధులలో గడిచినది. శివార్లలో అదే ధరకు పెద్ద గది దొరకవచ్చు. బస్సులకై పోగొట్టుకున్న గంటలను ఆ గది తిరిగి ఇవ్వదు.

ఇక మూల్యం మాట. స్పెయిన్‌లో హోటలు గదులు శుభ్రపరచే స్త్రీలలో ఎందరో హోటలు సిబ్బంది కారు. బయటి కాంట్రాక్టర్ల క్రింద తక్కువ కూలికి, ఒక పూటలో తలకు మించినన్ని గదులు ఊడ్చేవారు. 'లాస్ కెల్లీస్' అనే పేరుతో వారు సంఘటితమై పోరాడుతున్నారు. ఈ పద్ధతి నక్షత్రాల హోటళ్లలోనూ ఉన్నది కనుక, ఎక్కువ చెల్లించినంత మాత్రాన మన మనస్సాక్షి నిర్మలం కాదు. కుటుంబం నడిపే చిన్న బసలో డబ్బు తీసుకొనే చేయియే తరచు దుప్పటి కూడా మారుస్తుంది. కష్టం ఎవరిదో, ఫలం ఎవరిదో కంటికి కనబడుతుంది. పర్యాటకులకు అద్దెకిచ్చే ఇండ్ల సంగతి వేరు. అవి పెరిగినకొద్దీ స్థానికులకు అద్దె ఇండ్లు కరువవుతున్నాయని 2024లో స్పెయిన్ నగరాలలో ఊరేగింపులు జరిగాయి. అట్టి ఇండ్ల అనుమతులను 2028 నాటికి పూర్తిగా నిలిపివేస్తామని బార్సిలోనా మేయరు అదే సంవత్సరం ప్రకటించాడు. అద్దె భారం తెలిసిన మన విద్యార్థి, మరొక ఊరి విద్యార్థి అద్దె పెరగడానికి తానెందుకు కారణం కావాలి?

విదేశాలకు వెళ్లే విద్యార్థులకు మన కళాశాల వారు వీసాను గూర్చి, ఫీజులను గూర్చి చెబుతున్నారు. బసను గూర్చి కూడా నాలుగు మాటలు చెప్పడం అవసరం. ముఖ్యంగా ఒక్కటి: స్పెయిన్‌లో ఏ బసలోనైనా పాస్‌పోర్టు అడిగి వివరాలు వ్రాసుకుంటారు. మన పేరు చూచి అనుమానించారని నొచ్చుకోనక్కరలేదు. ఏ దేశపు అతిథి అయినా, ఏ మతస్థుడైనా, ఆ వివరాలను పోలీసులకు పంపడం అక్కడి చట్టం. నేను దిగిన చోట నా ముందు నిలబడిన జర్మను దంపతులు కూడా తమ పాస్‌పోర్టులు తీసి బల్లమీద పెట్టారు.