కొండకు ఈశాన్యం నేర్పుతున్న వాస్తు

వాస్తువిద్య పేరిట తెలుగునాట నేడు చలామణి అవుతున్నది ప్రధానంగా ప్లాటు విద్య. సమతలంగా, చతురస్రంగా, హద్దురాళ్లు పాతి విక్రయించిన భూఖండాన్ని మాత్రమే అది ఎరుగును. దిక్సూచిని కాగితంపై పెట్టి, ఈశాన్యం పెరిగినదా, నైరుతి తగ్గినదా అని లెక్కించి, గృహయజమాని భయానికి తగిన వెల నిర్ణయించడంతో దాని శాస్త్రీయత సమాప్తమవుతుంది. మైదానంలో ఈ విద్య వలన కలిగేది చాలావరకు ధననష్టమే. అదే విద్య అనంతగిరి ఘాట్ ఎక్కి అరకులోయ చేరినప్పుడు నష్టం వేరు రూపం ధరిస్తుంది: అక్కడ అది వాలును తవ్విస్తుంది, ఊటను చెరుపుతుంది, చలికాలపు సూర్యుణ్ణి గోడకు అవతలే నిలబెడుతుంది. శాస్త్రం వీటిలో ఒక్కదానినీ కోరలేదు.

మయమతం క్రమాన్ని పరిశీలిస్తే విషయం బోధపడుతుంది. ముందు భూపరీక్ష, పిదప భూపరిగ్రహం, ఆపైన మానోపకరణాలు, దిక్పరిచ్ఛేదం, అటు తరువాతనే పదవిన్యాసం. అనగా నేటి వాస్తుపండితుడు ప్రారంభించే చోటు గ్రంథంలో ఐదవ మెట్టు. దిఙ్నిర్ణయానికి సైతం గ్రంథం చెప్పినది శంకుస్థాపన. నేలపై వృత్తం గీసి, మధ్య శంకువు నాటి, పూర్వాహ్ణ అపరాహ్ణాలలో దాని నీడ కొస వృత్తాన్ని తాకిన బిందువులను కలిపితే ప్రాక్పశ్చిమ రేఖ లభిస్తుంది. అందుకు కనీసం ఒక పగలు ఆ నేలపై నిలబడాలి. ఆ పగటిలోనే గాలి ఎటు వీచేదీ, కొండనీడ ఎప్పుడు పడేదీ, నీరు ఎక్కడ జారేదీ కంటబడతాయి. ఫోనులో పంపిన పటాన్ని చూసి తీర్పు చెప్పేవారికి ఈ ప్రయోజనం దక్కదు.

ఇక వాలు సంగతి. ‘ఈశాన్యం పల్లం, నైరుతి మెరక’ అన్నది నేడు ఏకైక సూత్రంగా ప్రచారంలో ఉన్నది. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహిత వాస్తువిద్యాధ్యాయంలో ఉత్తరం మొదలుకొని ప్రదక్షిణంగా నాలుగు వాలులనూ నాలుగు వర్ణాలకు ఇష్టమైనవిగా చెప్పినాడు. విప్రుడు ఏ వాలునైనా నివసింపవచ్చునని కూడా చేర్చినాడు. ఆ వర్ణవిభాగాన్ని నేటి పాఠకుడు స్వీకరించనక్కరలేదు, స్వీకరించకపోవడమే మేలు. అయినప్పటికీ ఒక్క నిజం మిగులుతుంది: దక్షిణపు వాలు గాని, పడమటి వాలు గాని స్వభావరీత్యా వినాశకరమైతే ఆచార్యుడు దానిని ఎవరికీ విధించి ఉండడు. అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట మండలాలలో భూమి నలుదిక్కులకూ వాలి ఉంటుంది. అక్కడి సగం నేలను అశుభమని ప్రకటించడం వరాహమిహిరునికి లేని ధైర్యం.

ఈ ధైర్యం కాగితంపై ఆగిపోదు. పడమటికి వాలిన స్థలంలో ఈశాన్యాన్ని పల్లం చేయాలంటే ఎగువన కొండను కోయాలి, దిగువన మట్టి పోయాలి. కోసిన గట్టు వానకు జారుతుంది. పోసిన మట్టి ఏళ్లతరబడి కుంగుతుంది, గోడలు బీటలు వారతాయి. శాస్త్రం చెప్పిన పరీక్షనే ఆ నేలకు పెట్టి చూడవచ్చు. మూరెడు గొయ్యి తవ్వి, తీసిన మట్టిని తిరిగి అందులోనే పూడ్చాలి. మట్టి మిగిలితే శుభం, సరిపోతే మధ్యమం, చాలకపోతే అనిష్టం. గొయ్యి నిండా నీరు పోసి, నూరడుగులు నడిచి తిరిగి వచ్చేసరికి నీరు తగ్గకుండా ఉంటే ఆ నేల మంచిది. మత్స్యపురాణం చెప్పిన పరీక్ష విత్తనాలతో: మూడు రాత్రులలో మొలిస్తే ఉత్తమం, ఐదింటిలో మధ్యమం, ఏడింటిలో అధమం. చోడి, సామ, వలిసె పండించే గిరిజన రైతుకు ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. పోత మట్టి నీటిపరీక్షకు సాధారణంగా నిలవదు. ‘వాస్తు సరిచేయబడిన’ స్థలం వాస్తుపరీక్షలోనే ఓడిపోవడం విచిత్రం, కాని యథార్థం.

దక్షిణద్వారభీతి ఇంతకంటే బలవత్తరమైనది. బృహత్సంహిత ఎనుబదియొక్క పదాల మండలంలో బాహ్యపదాలు ముప్పదిరెంటికీ ద్వారఫలాలు చెప్పింది. తూర్పున అగ్నిభయం, క్రోధం, చోరభయం కలిగించే పదాలున్నవి. దక్షిణాన గృహక్షతుని పదంలో ద్వారానికి అన్నపానాలూ సంతానమూ వృద్ధి పొందుతాయని ఫలం చెప్పబడింది. దిక్కు ఒక్కటే చూసి పదాన్ని విస్మరించడం శాస్త్రజ్ఞుని పని కాదు. లోయలో మరొక ప్రత్యక్ష కారణం కూడా ఉన్నది. అరకు సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉన్నది. డిసెంబరు చివర మధ్యాహ్నసూర్యుడు దక్షిణాకాశంలో దాదాపు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పొగమంచు తొలగిన తరువాత ఇంటిని వెచ్చబరిచేది దక్షిణపు గోడ, దక్షిణపు కిటికీ. విజయవాడ వేసవికి దక్షిణాన్ని మూయమన్నారనుకుందాం. అదే ఆజ్ఞను చలిలోయపై రుద్దితే ముసలివారూ పసిపిల్లలూ దగ్గుతూ పడుకోవలసి వస్తుంది.

నీటి విషయంలో అపరాధం మరింత గురుతరం. వాస్తుమండలంలో ఈశాన్యభాగాన ఆప, ఆపవత్సులు ఉన్నారు కనుక జలస్థానం అక్కడ ఉండడం సమంజసమే. కాని కొండ ఊళ్లలో అనేకం తాగేది ఊటనీరు, గెడ్డనీరు. నేల వాయవ్యానికి వాలి, ఊట ఆ దిగువనే ఉంటే, ‘మరుగుదొడ్డి వాయవ్యంలోనే’ అని గొయ్యి తవ్వించేవాడు ఒక కుటుంబానికి వాస్తు చెప్పి ఊరికి విరేచనాలు పంచుతున్నాడు. జలదేవతల పేరు చెప్పి జలాన్ని చెరచడం కంటే ఘోరమైన వాస్తుదోషం వెదకినా దొరకదు.

చిన్న ఇంటికి నిజంగా కావలసినదేమిటి? గ్రామీణ ఆవాస పథకంలో ఇంటి కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు. 2023 నవంబరులో ఆరంభమైన పీఎం-జన్‌మన్ పథకం ఆదిమ తెగల కుటుంబానికి ఇంటికి 2 లక్షల రూపాయలు ఇస్తున్నది. గదబ, పోర్జ, ఖోండు తెగలలోని కొన్ని ఉపతెగల కుటుంబాలు దీని పరిధిలోనివే. అట్టి ఇల్లు ఐదు మీటర్ల చదరమనుకుంటే ఎనుబదియొక్క పదాలలో ఒక్కొక్కటి 55 సెంటీమీటర్లు, మూరెడుకు కొంచెం ఎక్కువ. అంత ఇంటికి అన్ని పదాల దేవతలనూ చూపి దోషాలు ఎంచడం పేదవానిని బెదిరించడమే. మయమతం ఒక పదం మొదలు 1024 పదాల వరకు 32 విధాల మండలాలను చెప్పినది పరిమాణభేదం కోసమే కదా. నవపదమైన పీఠమండలం తీసుకుంటే ఒక్కొక్క పదం ఐదున్నర అడుగులు; మనిషి మెసలడానికి తగిన కొలత.

గదుల విషయంలో వరాహమిహిరుడు ఒక్క శ్లోకంతో సరిపెట్టినాడు: ఈశాన్యాన దేవగృహం, ఆగ్నేయాన వంట, నైరుతిన పాత్రలూ సామగ్రీ, వాయవ్యాన ధనధాన్యాలు. అంతే. యజమాని పడకగది నైరుతిలోనే ఉండాలన్న ఆంక్ష ఆ శ్లోకంలో లేదు. నాలుగు మూలలకు నాలుగు పనులు, మధ్య బ్రహ్మస్థానం ఖాళీ, రాత్రి అక్కడే చాపలు పరచుకోవచ్చు. ఆగ్నేయపు పొయ్యి పొగ వెళ్లడానికి పైన దారి ఉంచితే, ఇరువది అయిదు చదరపు మీటర్లలో శాస్త్రం సంపూర్ణంగా ఇముడుతుంది. రాజగృహానికి చెప్పిన 108 హస్తాల వైభవంతో ఈ ఇంటికి పనిలేదు.

‘అడవివారికి వాస్తు ఏమి తెలుసు?’ అనే ప్రశ్న కొందరి పెదవుల మీద ఉంటుంది. 1909లో ప్రచురితమైన థర్‌స్టన్ గ్రంథం తూర్పుకనుమల సవరల స్థలపరీక్షను నమోదు చేసింది: ఇల్లు కట్టదలచిన చోట, కుటుంబంలో వివాహితులు ఎందరో అన్ని బియ్యపుగింజలను జతలుగా ఉంచి, కొబ్బరిచిప్ప బోర్లించి, మరునాడు చూస్తారు, గింజలన్నీ ఉంటే స్థలం శుభం. చీమ, ఎలుక, చెమ్మ ఏది చేరినా ఆ చిప్ప కింద తెలిసిపోతుంది. గ్రంథోక్త భూపరీక్షకు ఇది సోదరి. గదబల గుండ్రని ఇంటిని చూసి ‘మూలలు లేని ఇల్లు వాస్తుకు విరుద్ధం’ అని పెదవి విరిచేవారు, బృహత్సంహిత పేర్కొన్న ఇరువది ప్రాసాదాలలో ‘వృత్తం’ ఒకటని మరచిపోతున్నారు. దేవునికి తగిన ఆకృతి గదబకు తగకుండా పోయినదా?

వాస్తు అంతా మూఢవిశ్వాసమేనని కొట్టిపారవేసే పక్షం మరొకటి ఉన్నది. వారి కోపానికి ఈ ప్లాటు పండితులే కారణం కనుక దీర్ఘవాదం అనవసరం. ద్వారఫలాలను నమ్మని వారైనా, గొయ్యి తవ్వి నీరు పోసి చూసే పరీక్షను కాదనవలసిన హేతువు లేదు.

భూపరిగ్రహం చివరికి మిగిలింది. కొండల్లో అన్నిటికంటే ముందు అడగవలసినది అదే. ఇల్లు కట్టకముందు ఆ నేలలో ఉన్న భూతగణాలకు బలి సమర్పించి, అనుమతి వేడి, వేరొక చోటికి వెళ్లమని ప్రార్థించాలని మయమతం విధిస్తున్నది. అదృశ్యప్రాణుల హక్కునే అంతగా గౌరవించిన శాస్త్రం, కళ్లెదుట ఉన్న మనిషి హక్కును ఉపేక్షిస్తుందా? అరకులోయ షెడ్యూల్డు ప్రాంతం. 1970 నాటి ఒకటవ రెగ్యులేషన్, వాడుకలో 1/70 చట్టం, అక్కడి స్థిరాస్తి గిరిజనేతరులకు బదిలీ కావడాన్ని చెల్లనిదిగా చేసింది. 1997 సమతా తీర్పులో సుప్రీంకోర్టు ఈ రక్షణను మరింత దృఢపరచింది. అయినను బినామీ పేర్లతో లోయలో విడిది గృహం కట్టదలచినవారికి ఆయాదులు లెక్కించి, ముహూర్తం పెట్టి, సింహద్వారం నిర్ణయించేవారు ఉన్నారు. ఆ పండితులు యజమానిని ద్వారం ఏ దిక్కున కావాలని అడుగుతారు. నేల ఎవరిదని అడగరు.